గేటు దగ్గర మోగిన గిటారు

మొన్న హైటెక్ సిటీలో ఒక కంపెనీ వార్షికోత్సవానికి సౌండ్ పెట్టడానికి వెళ్తే, కింద పార్కింగులో కాలుతున్న గడ్డి వాసన, దానితోపాటు వేడెక్కుతున్న తోలు వాసన ముక్కుకు తగిలాయి. మల్లయ్య బృందం డప్పులను మంటకు కాపుతోంది. సెక్యూరిటీ గార్డు మంటలార్పే ఎర్ర సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది గీ మంట?"

"ఫికర్ జెయ్యకు తమ్మీ. వేడి తగలకుంటే డప్పు పలకది" అన్నాడు మల్లయ్య.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కాహల్ గుర్తొచ్చాడు.

కాహల్ ఐర్లాండు మనిషి. వయసులో ఉండగా రాక్ బ్యాండుతో దేశాలు తిరిగిన గిటారిస్టు. ఒక కచేరీకి హైదరాబాద్ వచ్చి, డప్పు విని, తిరుగు విమానం ఎక్కడం మానేశాడు. ఖాజాగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని పల్లెపాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. చిరిగిన డప్పు తోళ్లను పారెయ్యనిచ్చేవాడు కాదు, వాటిమీద ఖాజాగూడ బండల బొమ్మలు వేసేవాడు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి అతని దగ్గర సౌండ్ ఇంజనీరుగా చేరినప్పుడు, కడప నుంచి వచ్చి ఇక్కడ ప్లాట్లు అమ్ముకునే మా నాన్న చాన్నాళ్లు నా మొహం చూడలేదు. చూడకపోతే పోనీ అనుకున్నాను.

మొదటి రికార్డింగు రోజు మల్లయ్య చేతులు కట్టుకుని, "దొరా, ఇగ షురూ జెయ్యమంటరా?" అని అడిగాడు. కాహల్ మైకు తీగ పీకేశాడు. దొర అంటే ఎవరో అప్పటికే నన్నడిగి తెలుసుకున్నాడు మరి.

"ఈడ దొర ఎవడూ లేడు" అన్నాడు, వీధిలో నేర్చిన వచ్చీరాని తెలుగులో. "మా ముత్తాతను గూడ ఒక దొర ఇల్లు పీకి ఎళ్లగొట్టిండు. నేను కాహల్. గంతే."

"గట్లయితే కాహలన్న అంట" అని మల్లయ్య నవ్వాకే తీగ మళ్లీ పెట్టాడు. తన గురించి ఆయన, వారు అంటే కాహల్ ఇప్పటికీ నామీద విరుచుకుపడతాడు. అందుకే అతను అనే రాస్తున్నాను.

తర్వాత ఒక పెద్ద కంపెనీ తమ వేడుకలో వాయించడానికి మమ్మల్ని పిలిచింది. గిటారుకు స్టేజి, డప్పులకు గేటు అన్నారు. అతిథులు కార్లు దిగుతుంటే మల్లయ్యవాళ్లు వాయించాలట, హాల్లోకి మాత్రం రాకూడదట. నాకు ఒళ్లు మండిపోయింది. కాహల్ తన ఆంప్లిఫయరు మోసుకొచ్చి గేటు పక్కన దించాడు.

"సార్, మీ ప్లేస్ స్టేజి మీదండి" అని నిర్వాహకుడు బతిమాలాడు.

"నా బ్యాండు ఈడుంది. నా జాగ గూడ ఈడనే."

వేడుక ముగిసేదాకా మల్లయ్య పక్కన నిలబడి వాయించాడు. లోపల స్టేజి ఖాళీ. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ పిలవలేదు, స్టూడియో మూతపడింది. కాహల్ బాధపడలేదు. నేనూ పడలేదు, ఇప్పుడూ పడను.

ప్రస్తుతం అతను సొంత ఊళ్లో ఉన్నాడు. వేళ్లు బిగుసుకుపోయి గిటారు వదిలేశాడు, బొమ్మలు మాత్రం వేస్తున్నాడు. నేను అతను వదిలి వెళ్లిన మైకులతోనే సౌండ్ పని చేసుకుంటున్నాను. ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: "మల్లయ్య ఏడ? స్టేజా, గేటా?"

మొన్న కూడా నిర్వాహకుడు వచ్చి, "మేడమ్, డప్పు టీమ్ గేటు దగ్గరే అండి" అన్నాడు. నేను స్టేజి మీది మైకులు విప్పి తీగలు చుట్టడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నారండీ! ఛైర్మన్ గారు మాట్లాడాలి!"

"గేటు దగ్గర మాట్లాడమనండి. మైకులన్నీ అక్కడే పెడుతున్నా."

అతను కంగారుగా ఎవరెవరికో ఫోన్లు చేశాడు. నేను తీగ చుడుతూనే ఉన్నాను.

నిన్న కాహల్ ఫోన్ చేశాడు. అతను అడక్కముందే చెప్పాను.

"స్టేజి, కాహలన్నా."