కుళాయిని పలకరించే బాబాయి

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా ముందు కుళాయిని పలకరిస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెవి వంటింటి వైపు పారేస్తాడు. లోపలెక్కడో చుక్క పడుతున్న చప్పుడు వినిపించిందా, ఇక ఆ ఇంటివాళ్ళు కూర్చోమన్నా కూర్చోడు. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి "రెండు నిమిషాల పనమ్మా" అంటాడు. ఆ రెండు నిమిషాలు భోజనాల వేళకు పూర్తవుతాయి.

ఒకసారి ఛాతీలో పట్టేసినట్టుందంటే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు గుండెకు గొట్టం ఆనించి గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. బాబాయి పీల్చలేదు సరికదా, కాసేపు మాట్లాడొద్దని డాక్టరుకే సైగ చేశాడు.

"నా గుండె సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు మీ వాష్‌బేసిన్ సంగతి చూడండి" అన్నాడు.

పావుగంట తర్వాత బాబాయి బేసిన్ కింద పడుకుని ఉన్నాడు, డాక్టరు టార్చి పట్టుకుని ఉన్నాడు. బయట ఉన్న పదకొండు మంది రోగులూ లోపల పెద్ద ఆపరేషనే జరుగుతోందనుకున్నారు. ఛాతీలోది ఉత్త గ్యాసని ఆ తర్వాత తేలింది.

ఇక సొంత ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. చల్లగాలి బయటికి పోకూడదని తలుపు సందులన్నిటికీ స్పాంజి పట్టీలు అంటించాడు. మొదటిరోజు పిన్ని బయటికి రావాలంటే పక్కింటివాళ్ళు అటునుంచి తలుపు లాగాల్సి వచ్చింది. నీళ్ళు తక్కువ పట్టాలని ఫ్లష్ ట్యాంకులో రాళ్ళు నింపిన సీసా ఒకటి పడుకోబెట్టాడు. ఏసీ గొట్టం కింద బకెట్టు, కూరగాయలు కడిగే గిన్నె కింద ఇంకో గిన్నె. ఆ నీళ్ళన్నీ చివరికి చేరేది బాల్కనీ కుండీల్లోకే. "మా ఇంట్లో ఏడవడానికి కూడా వీల్లేదురా, ఈయన కింద గిన్నె పడతాడు" అంటూ ఉంటుంది పిన్ని. అంటూనే ఆ గిన్నెలో నీళ్ళు తనే తీసుకెళ్ళి మొక్కలకు పోస్తుంది.

బాబాయి వాళ్ళది మా అపార్ట్‌మెంటులోనే మూడో అంతస్తు, నాది రెండోది. ఆమధ్య బాబాయి ఎక్కణ్ణుంచో ఒక డబ్బాడు జల్లెడ బిళ్ళలు తెచ్చాడు. కుళాయి మూతికి, షవర్ మెడకు బిగించేవి. నీళ్ళలో గాలి కలిపి, సగం నీళ్ళతోనే ధార నిండుగా కనిపించేలా చేస్తాయట. వారం తిరిగేసరికి పన్నెండు ఫ్లాట్లలో ఒక్కటి తప్ప అన్నిట్లోనూ బిగించేశాడు. నిచ్చెన మోసుకుంటూ వచ్చి గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డ పెద్దమనిషిని పొమ్మనడం ఎవరికి చేతనవుతుంది?

ధార నిండుగా కనిపించిన మాట నిజమే. ఒంటి మీద పడ్డాకే అసలు సంగతి తెలిసింది. "ఒళ్ళు తడవడం లేదు, చెమ్మగిల్లుతోంది" అన్నారు నాలుగో అంతస్తు లాయరు గారు. ఆయనకు షవర్ కింద పాడే అలవాటు. ఇదివరకు ఒక్క పాటతో స్నానం అయిపోయేది, ఇప్పుడు మూడు పాటలు పడుతున్నాయి. దాంతో ఇరుగుపొరుగు కూడా బాబాయి మీదే మండిపడ్డారు. నేనైతే ఒకరోజు చెవి వెనక సబ్బు నురగతో ఆఫీసుకు వెళ్ళి మేనేజరు ఎదురుగా కూర్చున్నాను. ఆ సాయంత్రం వెళ్ళి గట్టిగానే అడిగాను. కొన్నాళ్ళు ఓర్చుకోమన్నాడు తప్ప కారణం చెప్పలేదు.

చివరికి ఓ ఆదివారం ఉదయం కింద పార్కింగులో కుర్చీలు వేశారు. లాయరు గారు రెండు తీర్మానాలు రాసుకొచ్చారు. ఒకటి, బిళ్ళలన్నీ ఆ రోజే పీకించెయ్యాలి. రెండు, ఇక మీదట బాబాయిని స్క్రూడ్రైవరుతో ఎవరూ ఇంట్లోకి రానివ్వకూడదు. రెండోది వినగానే పిన్ని ముఖం వాడిపోయింది. నలుగురి ఇళ్ళలోకీ వెళ్ళొద్దంటే ఆ మనిషి ఎంత చిన్నబోతాడో ఆమెకు తెలుసు. పైగా రోజంతా తన ఇంటి మీదే పడతాడు. నాకూ జాలేసింది గానీ, మేనేజరు ముఖం గుర్తొచ్చి చెయ్యెత్తాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. బాబాయి మాత్రం ఇదేమీ పట్టనట్టు పార్కింగు మూలనున్న కుళాయి బిగిస్తున్నాడు.

పది చేతులు లేచి ఉండగా గేటు తీసుకుని నర్సు వచ్చింది. ఐదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి ఉదయం పదింటికి ఇల్లు చేరుతుంది. మేం తొమ్మిదికల్లా ఉద్యోగాలకు పోతాం కనుక మాలో సగం మంది ఆమెను సరిగ్గా చూసింది ఆ రోజే. సంగతేమిటని అడిగితే లాయరు గారు వివరంగా చెప్పారు. ఆమె చేతిలో సంచి కింద పెట్టింది.

"అయితే అదన్నమాట. ఇక్కడ చేరినప్పటి నుంచీ నేను వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అండీ. సాయంత్రం మోటారు వేసేదాకా ఆస్పత్రి బట్టల్లోనే కూర్చునేదాన్ని. వేరే ఇల్లు కూడా చూసుకున్నాను. రెండు నెలల నుంచి నీళ్ళు ఉంటున్నాయి. మీరంతా కలిసి ట్యాంకు పెద్దది చేయించారనుకున్నాను. థాంక్స్ చెబుదామంటే ఒక్కరూ కనబడరాయె."

ఎత్తిన చేతులు ఎలా దించాలో ఎవరికీ తెలియలేదు. లాయరు గారు ఆ చేత్తోనే తల గోక్కున్నారు. తీర్మానాల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తమ రెండో బాత్రూములో ఇంకా బిళ్ళ బిగించలేదని, వీలు చూసుకుని రమ్మని బాబాయిని బతిమాలినంత పని చేశారు.

మెట్లెక్కుతూ బాబాయిని నిలదీశాను. మూడు నెలల కిందట డాబా మీదికి వెళ్తే, ఆ అమ్మాయి ఖాళీ మగ్గు పట్టుకుని ట్యాంకు మూత తీసి చూస్తూ కనిపించిందట. బాబాయిని చూసి, ఊరికే చూస్తున్నానని మగ్గు వెనక్కి దాచుకుందట.

"ఆ మాట మాకు చెప్పొచ్చుగా బాబాయ్" అన్నాను.

"చెబితే వారం రోజులు జాలిపడతారు, ఎనిమిదో రోజు పీకేస్తారు. ఆ పిల్లేమో మీ అందరి ముందూ తల దించుకు తిరగాలి. దానికంటే నన్ను తిట్టుకోవడమే హాయి కదరా. తిట్టుకుంటూ ఎన్నాళ్ళయినా సర్దుకుపోతారు."

నర్సు ఇల్లు ఖాళీ చెయ్యలేదు. బిళ్ళలూ ఊడలేదు. నిజం తెలిశాక బాబాయిని తిట్టడానికి మాకు నోరు రాలేదు. కానీ తిట్లు ఆగిపోతే, తన కోసమే అందరూ ఓర్చుకుంటున్నారని ఆ అమ్మాయి మళ్ళీ మొహమాటపడుతుందని బాబాయికి బెంగ పట్టుకుంది. ఇంటింటికీ వెళ్ళి, దయచేసి మునుపటిలాగే తిట్టమని అడిగాడు. పెద్దాయన నోరు తెరిచి అడిగితే కాదనగలమా? రోజూ పొద్దున్నే షవర్ తిప్పగానే, ఆదివారమైతే ఆ అమ్మాయి వచ్చే వేళకు ఇంకాస్త గట్టిగా, పదకొండు ఫ్లాట్ల వాళ్ళమూ మనస్ఫూర్తిగా తిడుతున్నాం. అందరికంటే ముందు వినిపించేది పిన్ని గొంతే.