ప్రొఫెసర్ ట్రిఫున్ కాగితం సంచులు

ప్రొఫెసర్ ట్రిఫున్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే: ఏ గదిలో కాలుపెట్టినా కాగితం సంచి ఊది ఫట్టున పేల్చేవాడు. ఆపైన కళ్లు మూసుకుని, చెవులు రిక్కించి, ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా కదిలేవాడు కాదు.

సెర్బియాలోని నిష్ నగరంలో ఆయన బారిన పడని గది లేదు. మేనకోడలి పెళ్లిలో చర్చి నడిమధ్య పేలిస్తే పాద్రీ చేతిలో కొవ్వొత్తి జారిపడింది. రొట్టెల దుకాణం మిల్యానకు ఆయన్ను చూస్తేనే ఒళ్లుమంట. రొట్టె ఒకటి కొని సంచులు గుప్పెడు పట్టుకుపోయే బేరం మరి.

"గదిని ఒక్క దెబ్బ కొట్టి ఊరుకోండి. దాని గుణమంతా అదే కక్కేస్తుంది," అనేవాడు ధ్వనిశాస్త్రం క్లాసులో. ఏ మాటైనా గాలికి తగిలే చిన్నాపెద్దా దెబ్బల వరసే కనుక, ఒక్క దెబ్బకు గది ఇచ్చే జవాబు తెలిస్తే చాలు, మిగతాదంతా కూడికేనని ఆయన వాదన.

యాస్నకు ఇది నవ్వులాట కాదు. చెవికి మిషన్ పెట్టుకునే ఆ అమ్మాయి ఆయన నోటి పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. పెద్ద హాల్లో ప్రశ్న సగం కూడా అందేది కాదు. మళ్లీ అడగమనడానికి సిగ్గు, ఎందుకో చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు. ఈసారీ తప్పితే చదువు మానేసి ఊరికి పోవడమే.

పరీక్ష ముందు వారమంతా ఆయన కాలేజీలో దొరికిన గదిలోనల్లా సంచులు పేల్చుకుంటూ తిరిగాడు. ముసలాయనకు బాగా ముదిరిందని డీన్ తలుపు గడియపెట్టుకున్నాడు.

తీరా ఆ రోజు పరీక్ష కోట్లు తగిలించే గదిలో అన్నారు. చుట్టూ వేలాడే చలికోట్లు, మధ్యలో ఇరుకు బల్ల, దాని మీద బోర్లించిన ప్రశ్న చీటీలు. యాస్న ఒకటి తీసిచ్చింది. ఆయన నవ్వకుండా దాన్ని చూసి అడిగాడు.

"దెబ్బకు గది ఇచ్చే జవాబు గురించి. ఆ హాలుకూ ఈ గదికీ తేడా చెప్పు."

ప్రతి మాటా యాస్నకు విడివిడిగా వినిపించింది.

"అక్కడ మీ మాట తోక ఈడ్చుకుంటూ వచ్చి తర్వాతి మాట మీద పడేది, ప్రొఫెసర్ గారూ. ఇక్కడ కోట్లు ఆ తోకను మింగేస్తున్నాయి." చెవి మిషన్ చూపిస్తూ, "నాకు చెవులు సరిగా వినపడవండీ," అంది.

"తెలుసమ్మా. అందుకేగా వారం నుంచి కాలేజీలో అందరి చేతా తిట్లు తింటున్నా. ఇక లెక్క చెయ్యి."

లెక్క దగ్గర మాత్రం దయాదాక్షిణ్యం లేదు, చెమటలు పట్టించాకే పాసైనట్టు సంతకం పెట్టాడు.

బయట తలుపుకు చెవులానించి నిలబడ్డ స్నేహితులు మీదపడ్డారు.

"ఏమైందే? మాకొక్క ముక్కా వినపడలేదు."

"నాకు అన్నీ వినపడ్డాయి," అంది యాస్న.