ఆదివారం ముక్కులు

శంషాబాద్‌లో పంక్చర్ షాపు నడిపే మల్లేశ్వర్ గురించి మీకు ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఆయన ప్రతి ఆదివారం రిమోటుతో నడిచే బొమ్మ విమానం ఎగరేస్తాడు, పడేస్తాడు. ఎప్పుడో ఒకసారి పడేయడం ఎవరికైనా ఉన్నదే. ఈయన నాలుగు ఆదివారాల్లో మూడుసార్లు పడేస్తాడు. అదీ నిట్టనిలువుగా, ముక్కు నేలలో దిగబడేలా.

ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఇలాంటివి ఎగరేయనివ్వరు. అందుకని మల్లేశ్వర్ బృందం పొద్దున్నే బండ్లకు రెక్కలు కట్టుకుని, మంఖాల్ దాటి, శ్రీశైలం రోడ్డెక్కి, నడుములు పట్టేసేంత దూరం పోయి కుర్మయ్య అనే రైతు బీడులో దిగుతుంది. నెత్తి మీద అసలు విమానాలు పెట్టుకుని బొమ్మ విమానం కోసం ఇంత దూరం పోయేవాళ్లు వీళ్లే అయ్యుంటారు. కుర్మయ్య వేపపుల్లతో పళ్లు తోముకుంటూ గట్టు మీద కూర్చుని వారం వారం ఒకటే అడుగుతాడు.

"మల్లేశా, ఇయ్యాల ఎన్నింటికి పడ్తది?"

"తొమ్మిదింటికి పడ్తదేమో బాపు."

"అయితే జర ఆగు. బర్లకు నీళ్లు వెట్టి వస్త."

ఇక ఉదయభాస్కర్. ఈ కథలో సిగ్గుపడాల్సిన మనిషి ఈయనే, ముందే చెప్పేస్తున్నాను. తెనాలి నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడిన కుటుంబం, ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. చిన్నప్పటి నుంచి విమానాల పిచ్చి. దుకాణంలో బొమ్మ విమానం ధర చూసి ఆ పిచ్చిని మడిచి లోపల పెట్టుకున్నాడు. ఒకరోజు శంషాబాద్‌లో స్కూటర్ పంక్చరైంది. తోసుకుంటూ వెళ్లిన షాపులో, వేలాడే ట్యూబుల మధ్య ఒక తెల్లటి థర్మకోల్ రెక్క కనిపించింది.

"ఇది ఎగురుతుందా అండీ?"

"ఎగురుతది సార్. పడ్తది గూడ," అన్నాడు మల్లేశ్వర్, ట్యూబును నీళ్లలో ముంచుతూ.

"చాలా ఖర్చవుతుందేమో కదా?"

"రిమోటు, మోటర్లు, బ్యాటరీ, గివి మాత్రం కొనాలె. పాతయి నేను సూసి పెడ్త. మిగిలిందంత మనం పారేసిన దాంట్లనే దొరుకుతది."

దొరికింది కూడా. ఫ్రిజ్ అట్టపెట్టెలోని థర్మకోల్ రెక్క అయింది. సైకిల్ పుల్లలు తోకను కదిపే తీగలయ్యాయి. పాత ట్యూబును కోసిన రబ్బరు పట్టీలు రెక్కను ఒంటికి కట్టి పడేశాయి. అంతా మల్లేశ్వరే దగ్గరుండి అతికించాడు. ఒక్క విషయంలో మాత్రం ఉదయభాస్కర్ ఆయన మాట వినలేదు. మల్లేశ్వర్ తన విమానానికి మోటరు రెక్క వెనకాల పెడతాడు, ముందు ఖాళీ థర్మకోల్ ముక్కు ఒకటి తగిలిస్తాడు. చూడ్డానికి బాతులా ఉంటుంది. "నాకు అసలు విమానంలా కావాలండీ," అని ఉదయభాస్కర్ మోటరు ముందే పెట్టించుకున్నాడు.

మొదటి ఆదివారం ఆ విమానం చక్కగా లేచింది, చక్కగా తిరిగింది, తిరిగి ఉదయభాస్కర్ వైపే వచ్చింది. అక్కడే వచ్చింది చిక్కు. విమానం మనకు ఎదురొస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆయన కుడికి తోశాడు, అది ఆయన ఎడమకి పోయింది. కంగారుపడి ఇంకా తోశాడు. నెల రోజుల శ్రమ నేలకు కొట్టుకుని రెక్క రెండు ముక్కలైంది. పదిమంది తలలు ఆయన వైపు తిరిగాయి. ఎవడో కిసుక్కుమన్నాడు. రిమోటు అక్కడే పెట్టి అత్తాపూర్ దాకా నడిచి వెళ్లిపోదామా అనిపించింది ఆయనకు.

సరిగ్గా అప్పుడే, ఢబ్. మల్లేశ్వర్ విమానం పైనుంచి నిలువునా వచ్చి బీడులో దిగబడింది. పదిమంది తలలూ అటు తిరిగాయి, ఇక నవ్వులే నవ్వులు.

"పడ్డదా?" అని గట్టు మీంచి కుర్మయ్య.

"పడ్డది బాపు."

"నేనొచ్చేదాక ఆగకపోతివి."

అందరికంటే గట్టిగా నవ్వింది ఉదయభాస్కర్. నాకంటే చేతకానివాడు ఒకడున్నాడు అని ఆయన ప్రాణం తెరిపిన పడింది. పగిలిన రెక్క చంకలో పెట్టుకుని హుషారుగా ఇంటికెళ్లి, మళ్లీ ఆదివారానికి అతికించుకుని వచ్చాడు. "ఎదురొస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలితే రిమోటు పుల్లను గటే తోయాలె సార్, గంతే," అని మల్లేశ్వర్ చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఉదయభాస్కర్ విమానం చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది.

చేయి తిరిగాక మనిషికి కొంచెం కొవ్వు పడుతుంది కదా. మల్లేశ్వర్ పడేసినవన్నీ ఉదయభాస్కర్ ఫోనులో తీసి, ముందూ వెనకా అనవసరమైన సాగదీత కత్తిరించి, బ్యాండు మేళం తగిలించి, "మల్లన్న ల్యాండింగులు" అని పేరు పెట్టి గ్రూపులో వదిలాడు. అది శంషాబాద్ అంతా తిరిగింది. షాపుకొచ్చినవాళ్లు "అన్నా, నా చక్రం పడేయకు," అనడం మొదలుపెట్టారు. మల్లేశ్వర్ వాళ్లతో పాటు నవ్వి గాలి కొట్టి పంపేవాడు.

ఆ వీడియో రాజేంద్రనగర్‌లో బడి నడిపే నరసింహమూర్తి గారి దాకా వెళ్లింది. ఆయన ఉదయభాస్కర్‌కి ఫోను చేశారు.

"మా పిల్లలకు తక్కువ ఖర్చులో విమానాలు చేయడం నేర్పించాలండీ. ఆ పంక్చర్ షాపు ఆయన్ని పిలుద్దామనుకున్నాం. పాపం, కబురు పెడితే పొంగిపోయాడు. తీరా వీడియో చూశాక, ప్రతిసారీ పడేసేవాడు పిల్లలకేం నేర్పుతాడనిపించింది. మీరైతే పడేయకుండా ఎగరేస్తారట. రాగలరా?"

వీడియో తీసింది నేనే, ఆయన నాకు గురువు అని చెప్పాల్సిన చోట ఉదయభాస్కర్ "అలాగేనండీ," అన్నాడు. సంతోషంగానే అన్నాడు, అదీ దరిద్రం. పైగా పిల్లల విమానాలకు సైకిల్ పుల్లలు కావాలని నేరుగా మల్లేశ్వర్ షాపుకే వెళ్లాడు.

మల్లేశ్వర్ లేడు. ఆయన భార్య సత్తెమ్మ షాపుకే ఆనుకున్న ఇంటి ముందు గదిలో కూర్చుని థర్మకోల్ ముక్కులు చెక్కుతోంది. పక్కన ఒక బుట్టెడు ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"ఆదివారం ముక్కులు సార్. పోయిన నెల మూడు అయిపోయినయి. ఈయనకేంది, పడేసి వస్తడు. నా చేతి ఏళ్లు నొస్తున్నయి."

"పడేస్తాడని ముందే చేసి పెడతారా?"

సత్తెమ్మ ఆయన్ని వింతగా చూసింది. "కొత్తోళ్లు పడేసుకుంటె ఈయన గూడ పడేస్తడు గద సార్. మీకు తెల్వదా? ఈయన మొదటిసారి పడేసినప్పుడు నలుగురు నవ్విండ్రని మూడేండ్లు రిమోట్ ముట్టలే. ఇగ ఎవ్వల్ని గట్ల పోనియ్యనంటడు. గందుకే మోటరు ఎన్క వెట్టుకుండు, ముక్కు ఒక్కటే పోతదని." మూలనున్న గోనెసంచి నేల మీద గుమ్మరించింది. విరిగిన ముక్కులు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు స్కెచ్ పెన్నుతో. "ఎవ్వల కోసం పడేస్తె వాళ్ల పేరు రాస్తడు. మీ పేరుతోని మూడున్నయి సూడుండ్రి."

మూడున్నాయి. ఒక ముక్కు మీద పేరు పక్కన "సారు బాగ పరేషాన్ అయిండు" అని కూడా రాసి ఉంది.

ఉదయభాస్కర్ ఆ ముక్కు చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. అక్కడే నిలబడి ఫోనులో వీడియో అసలు ముక్కలు తెరిచాడు. ప్రతిదాంట్లోనూ ముందు ఎవడో కొత్తవాడి విమానం కూలుతోంది. ఆ తర్వాతే మల్లేశ్వర్‌ది. పడేటప్పుడు మల్లేశ్వర్ తన విమానాన్ని చూడటం లేదు, ఆ కొత్తవాడి మొహం చూస్తున్నాడు. సాగదీత అని కత్తిరించి పారేసింది తనే.

ఇంతలో మల్లేశ్వర్ వచ్చాడు. "సార్, బడిల నేర్పుతున్నరట గద. పుల్లలు వంచి పెట్టిన, నలభైమందికి సరిపోతయి," అని కట్ట చేతిలో పెట్టాడు. మొహంలో కోపమేమైనా ఉందా అని ఉదయభాస్కర్ వెతికాడు. ఉంటే బాగుండనిపించింది.

"నేను నీచంగా ప్రవర్తించాను మల్లేశ్వర్. ఆ వీడియో వల్లే నిన్ను వద్దన్నారు."

"పోనీయుండ్రి సార్. ముందుగల చాయ్ తాగుండ్రి."

ఆ చాయ్ పక్కన పెట్టేశాడు. ఆయన నరసింహమూర్తి గారికి ఫోను చేసి, తను పుల్లలు అందిస్తానని, నేర్పేది మాత్రం మల్లేశ్వరేనని, కాదంటే తనూ రానని చెప్పేశాడు. ఆయన నమ్మలేదు. "కళ్లతో చూసి అప్పుడు చెప్తాను," అని ఆ ఆదివారం నలభైమంది పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని కుర్మయ్య బీడుకే వచ్చారు.

చూసి ఊరుకోలేదు. "ఇలా ఇవ్వండి, ఇందులో ఏముంది," అని, మల్లేశ్వర్ అక్కడికక్కడే పిల్లలతో చేయించిన విమానం రిమోటు తీసుకున్నారు. అది లేచింది, తిరిగింది, ఆయనకు ఎదురొచ్చింది. ఇక చెప్పేదేముంది, పల్టీ కొట్టి ముక్కలైంది. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాతికేళ్లుగా పిల్లల ముందు తప్పు చేయని మనిషి రిమోటును వెనక దాచుకున్నారు. 

అప్పటికి మల్లేశ్వర్ విమానం, ఉదయభాస్కర్ విమానం గాలిలో ఉన్నాయి. మల్లేశ్వర్ బొటనవేలు కదలడం ఉదయభాస్కర్ చూశాడు.

"ఆగన్నా. ఈసారి నాది," అన్నాడు మెల్లగా.

రిమోటు పుల్ల ముందుకు తోసేశాడు. ఆ అసలు విమానంలాంటి విమానం ముందున్న మోటరుతో సహా వచ్చి బండరాయికి కొట్టుకుంది. రెక్క ఒకపక్క, తోక ఒకపక్క, బ్యాటరీ కుర్మయ్య కాళ్ల దగ్గర. పిల్లలు పడీ పడీ నవ్వారు. నరసింహమూర్తి గారు కూడా నవ్వారు. "అమ్మయ్య, నేనొక్కణ్ణే కాదన్నమాట," అన్నారు.

మల్లేశ్వర్ ముక్కలు చూసి తల పట్టుకున్నాడు.

"ఏంది సార్ గిది? మోటరు పాయె, అన్ని పాయె. పడేసుడు గూడ నేర్వాలె గద."

"నేర్పు అన్నా."

మల్లేశ్వర్ విమానం ఇంకా పైనే ఉంది. పిల్లల తలల మీంచి రెండు చుట్లు తిరిగి, మెత్తగా దిగి, ఆయన చెప్పుల ముందుకొచ్చి ఆగింది. నరసింహమూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. అది ఇంత అందంగా దిగుతుందని ఉదయభాస్కర్ కూడా ఎప్పుడూ పట్టించుకుని చూడలేదు.

"సోమవారం నుంచి మీరే రండి మల్లేశ్వర్ గారూ," అన్నారు నరసింహమూర్తి.

గట్టు మీద కుర్మయ్య మాత్రం మొహం ముడుచుకున్నాడు. "మల్లేశా, బర్లను ఇడిసి ఉరికొస్తి. నీది పడలే ఏంది?"

"ఇయ్యాల సార్ వంతు బాపు," అన్నాడు మల్లేశ్వర్. జేబులోంచి స్కెచ్ పెన్ను తీసి ఉదయభాస్కర్ చేతికిచ్చి, రాళ్ల మధ్య మిగిలిన ఆయన విమానం ముక్కు చూపించాడు. "రాసుకోండ్రి సార్. బడి పెద్దసారు పేరు."