ఎడమకు తిరిగిన సుడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజుల్లో మరీనూ. నరాల డాక్టరుగా చదువు ముగించి, కొత్త మందులను రోగుల మీద ఎలా పరీక్షించాలో నేర్చుకునే శిక్షణలో చేరాను. శంషాబాద్‌కి ఎయిర్‌పోర్టు వచ్చి అప్పటికి రెండు మూడేళ్ళు. అక్కడి బస్టాండు వెనక ఒక కిరాయి గదిలో మా పరీక్షలు. విమానం లేచినప్పుడల్లా బల్ల మీది స్టీలు గ్లాసు సన్నగా వణికేది.

మందు చేతుల వణుకు జబ్బుకి. కొందరికి అసలు మందు, కొందరికి అదే రంగు గోలీలో ఉత్త పిండి. ఎవరికేది వెళ్ళిందో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు. నెలకోసారి వచ్చినప్పుడు వణుకు ఎంతుందో తెలియడానికి వాళ్ళ చేత కాగితం మీద, నడుమ నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒక సుడి గీయించేదాన్ని, డబ్బాలో మిగిలిన గోలీలు లెక్కపెట్టేదాన్ని.

హిమాయత్ సాగర్ వైపు పల్లె నుంచి ఒక రైతు వచ్చేవాడు. మొహంలో కదలిక లేదు, కుడి చెయ్యి ఒకటే వణుకు. రెండో నెల వారం ఆలస్యంగా వచ్చాడు. నేను నోరు పారేసుకున్నాను.

"మధ్యలో మానేస్తే మీ ఒక్కరిదే కాదు, అందరి కష్టమూ గంగలో కలిసినట్టే. ఏమైనా సరే, నెలనెలా రావాల్సిందే!"

"తప్పయింది డాక్టరమ్మా," అన్నాడు తలవంచుకుని. "ఇగ తప్పకుంట వస్త. మాటిస్తున్న."

మూడో నెల సరిగ్గా తేదీకి వచ్చాడు, తలపాగా కళ్ళదాకా చుట్టుకుని. కార్డు నంబరు చూసి కూర్చోమన్నాను. వణుకు తగ్గింది, మొహంలో జీవం వచ్చింది. మందు పనిచేస్తోంది! నాకు ఏనుగెక్కినంత సంబరం. మాకు నేర్పే పెద్ద డాక్టరుగారికి ఫోను చేశాను.

"మీరు చూడాలనుకున్నదే చూస్తున్నారేమోనండీ. పాత కాగితాలు పక్కన పెట్టుకుని చూడండి," అన్నారాయన. చాదస్తం అనుకుని వదిలేశాను.

నాలుగో నెల వణుకు మళ్ళీ కాస్త పెరిగింది. ఇదేమిటా అని వారం తర్వాత ఫైలు తీసి కాగితాలు పక్కపక్కన పరిచాను. మొదటి రెండు సుడులు కుడికి తిరిగాయి. తర్వాతి రెండూ ఎడమకు. జబ్బు తగ్గొచ్చు, పెరగొచ్చు, కానీ చిన్నప్పటి నుంచి ఒకవైపు తిరిగిన చెయ్యి రెండోవైపు తిరుగుతుందా? మిట్టమధ్యాహ్నం, ఉక్కపోత. అయినా ఒళ్ళు జలదరించింది.

మర్నాడు ఆటో మాట్లాడుకుని ఆ రైతు ఇంటికి వెళ్ళాను. గడప దాటగానే ఎదురుగా గోడ మీద ఆయన ఫొటో, దండ వేసి ఉంది. వారం కిందట నా ముందు కూర్చుని సుడి గీసిన మనిషి! బొట్టు లేని నుదుటితో ఆయన భార్య వచ్చి చాప వేసింది.

"పోయి నెలన్నర దాటె డాక్టరమ్మా. పొలం కాడ కూలవడ్డడు, మళ్ళ లేవలే."

అంతలో వెనక గదిలోంచి ఆయనే వచ్చాడు. అమ్మో! కేక పెట్టడం ఒక్కటే తక్కువ.

"నేను తమ్ముణ్ణి," అన్నాడు. "ఏడాది చిన్న. అన్న నీకు మాటిచ్చిండు గద. ఆ మాట నిలవెట్టాలె గదా అని నేనొచ్చిన."

"మరి గోలీలు?"

"నువ్వు లెక్కవెడ్తవాయె. ఒక్కటి గూడ పారెయ్యలే, నేనే మింగిన. నీ ముంగట వణకాలె గదా అని, అన్న తీరుగ చెయ్యి ఆడిచ్చుడు ఇంట్ల నేర్చుకున్న."

తల తీసేసినట్టయింది. ఇదంతా నా నోటి నిర్వాకం. ఆయన్ని చంపింది మా మందే అయితే? అదే మందును మిగతా వాళ్ళు ఆ పొద్దున కూడా మింగారు. నెలన్నర కిందట చచ్చిపోయిన మనిషి నా ఫైలులో బతికే ఉన్నాడు, పైగా బాగుపడుతూ! అక్కడి నుంచే పెద్ద డాక్టరుగారికి ఫోను చేసి అందరికీ గోలీలు ఆపించాను. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను.

వారానికి, ఎవరి డబ్బాలో ఏముందో రాసిన కవర్లలోంచి ఆయన కవరు విప్పారు. ఉత్త పిండి. మా మందు ఆయన్ని చంపలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంతో ఏడ్చాను. ఆ మాట చెప్పడానికి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను.

"పిండా?" తమ్ముడు ఫొటో వైపు చూశాడు. "మంచి మందు దొరికిందని మురిసిండు మా అన్న."

వాళ్ళ అన్నను పరీక్షలో చేర్చుకుంటూ సంతకం పెట్టించేటప్పుడు పిండి కూడా కావచ్చని చదివి వినిపించాను, నిజమే. ఎంత గబగబా చదివానో నాకు తెలుసు.

తమ్ముడి కుడి చెయ్యి మోకాలి మీద ఉంది. బొటనవేలు చూపుడువేలిని రుద్దుతూ వణుకుతోంది, అచ్చం అన్నగారి చెయ్యే. "ఇక నటించక్కర్లేదండీ," అన్నాను.

"నేను ఆడిస్తలేనమ్మా. నెల దినాల సంది గిట్లనే. ఆపుదామంటె ఆగుతలేదు."

పైన విమానమేదీ లేదు. గూట్లో గ్లాసులు కదలకుండా ఉన్నాయి. సంచిలోంచి కాగితం, పెన్ను తీసి ఇచ్చాను. ఆయన నెమ్మదిగా సుడి గీశాడు. అది అన్నగారి సుడిలాగే కుడికి తిరిగింది.

ఒకే ఇంట్లో ఇద్దరికి ఈ జబ్బు రావచ్చు, చదువుకున్నదాన్నే. ఆ సుడి అటెందుకు తిరిగిందో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. భయం వేసింది.

"వచ్చే నెల గూడ తప్పకుంట రావాల్నా డాక్టరమ్మా?" అని అడిగాడు.

"రండి," అన్నాను. "ఈసారి మీ పేరు మీద."