మంచువాలు కల్పాసి

మొన్న మదురైలో కోడలు కొట్టు నుంచి కల్పాసి పొట్లం తెచ్చి, "అన్నీ ఒకటేగా అత్తా" అంటూ బాణలిలో వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఒకటెలా అవుతాయి?

కల్పాసి అంటే రాతిపువ్వు. మన వయసువాళ్లకు చెప్పనక్కరలేదు, కొండరాళ్లమీదా మాను బెరళ్లమీదా బూడిదరంగు ఆకుల్లాగా అతుక్కుని పెరిగి, ఎండాక కూరకు వాసననిచ్చే పాచే అది. బోడినాయకనూరులో మా అవ్వ, అమ్మను కన్నతల్లి, దాన్ని ఏరి అంగళ్లకు పంపేది. రెండో క్లాసుతో అరవబడి మాన్పించి నన్ను ఆమె దగ్గర పెట్టారు. బెరడుమీద పుట్టింది పల్చన, రాతిమీదిది దళసరి. ఎండ తగిలే వాలుది చిన్నాకు, మంచు కదలని వాలుదానికైతే అంచున కనురెప్పల్లాగా నల్లటి నూగు. ఏ వాలుది ఆ చేటలోనే ఉండాలి, కలపరాదు, అది ఆ ఇంటి కట్టు. చూపు మందగించిన అవ్వ వేలికొసలతోనే ఏది ఎక్కడిదో చెప్పేసేది.

మా మామ, అవ్వకు ఒక్కడే కొడుకు, కోయముత్తూరు మిల్లులో దూదిదుమ్ముకు రొమ్ము చెడి తిరిగొచ్చి, కొండెక్కి పాచి గీకేవాడు. మిల్లు పొగగొట్టాల చుట్టుపక్కల ఏ చెట్టుకూ ఈ పువ్వు పట్టదనేవాడు. రాలిన పొడి కూడా ఏరుకునే నన్ను చూసి, "మా మేస్త్రీ కూడా ఇంత పిసినారి కాదే పాపా" అని ఏడిపించేవాడు.

ఒకనాడు మామ కొండమీంచి ఏలకుల జీపులో పాచి గోనె పంపి, సాయంత్రానికి దిగుతానని కబురు చెప్పించి, దిగలేదు. మరునాడూ రాలేదు. మూడోనాడు పొద్దున్నే వెతకబోయే మగవాళ్లు ఏ వాలుకు పోవాలో తెలియక వాకిట్లో నిలబడితే, అవ్వ ఆ గోనె తెమ్మంది. నేనప్పటికే, చోటు కలిసొస్తుందని, అందులోని పాచిని చేటల్లోదానితో కలిపి ఒకే పెద్ద కుప్పగా పోసి, గోనె ఉతికి ఆరేసి ఉన్నాను.

"ఎవరినడిగి కలిపితివే? చివరికి యాడ నిలిచినాడో గోనెలో పైపొర చెప్పిండునే," అంది అవ్వ, గొంతు పెంచకుండా. కుప్ప ముందు కూర్చుని, పొద్దు వాలేదాకా ఒక్కొక్క రేకూ తడిమి తడిమి, చెమ్మ ఆరని, నూగున్న గుప్పెడు వేరుచేసి, "మంచువాలు" అంది.

తెల్లారి మగవాళ్లు అక్కడికి పోతే, మనిషి నిలువెత్తు మేర పచ్చిగా గీకిన రాయీ, దాని కింద మడతపెట్టిన మామ తువ్వాలూ, దానిమీద గీకుడు కత్తీ ఉన్నాయట. మనిషి లేడు, అడుగుల జాడా లేదు. ముందురోజు పొద్దు వాలేదాకా మంచులోంచి గీకుడు చప్పుడు వినబడుతూనే ఉందని, తమవాళ్లెవరూ అటు పోలేదని కొండ ఆడవాళ్లు చెప్పారు. అవ్వ కుప్ప ఏరినంతసేపూ అన్నమాట. ఆ తర్వాత మామ దొరకనేలేదు. ఆనాటి ఆ మాట తప్ప అవ్వ నన్ను మళ్లీ ఏనాడూ ఏమీ అనలేదు, అన్నా బాగుండేది.

ఆ వాలుకిప్పుడు జీపుదారి పడిందట. ఎక్కడెక్కడి పాచినో ఒక్కచోటే పోసి దించుతున్నారట, ఏ వాలుదని అడిగేవాళ్లు లేరు. గీకిన రాయి మళ్లీ నిండడానికి మనిషి ఆయువంత కాలం పడుతుందని అవ్వ చెప్పేది. నా ఆయువు కొసకొచ్చింది, ఆ రాయీ నిండే ఉంటుంది. మామ చివరికి నిలబడిన చోటు చూపించమంటే ఇక చూపగలవాళ్లు లేరు.