పసుపు కనబడ్డ రోజు

మానుకోట దవాఖానలో పరీక్షలు చేసే వీరమల్లుకు కడుపులోంచి తీసిన రసమంటే ఏవగింపు లేదు. గాజుగొట్టాన్ని కిటికీ వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, మందుచుక్క వేస్తాడు. ఎర్రబడితే కడుపులో ఆమ్లం ఉన్నట్టు. పసుపుగానే ఉంటే లేనట్టు. నొప్పితో చిక్కిపోతున్న మనిషికి అదే వస్తే డాక్టర్లు క్యాన్సరేమోనని అనుమానిస్తారు. పసుపు కనబడ్డ రోజు వీరమల్లు కలం పట్టేముందు రెండుసార్లు చేతులు కడుక్కుంటాడు. ఎవరేమడిగినా ఒకటే జవాబు: "డాక్టరు సాబును అడుగు."

గార్ల దగ్గరి తండా నుంచి కడుపునొప్పితో వచ్చిన దస్రు రసం ఆ పొద్దున పసుపుగానే ఉండిపోయింది. వీరమల్లు చేతులు కడుక్కున్నాడు, కలం తీశాడు, మనసొప్పక ఎర్ర లిట్మస్ కాగితం ముంచాడు. అది ముదురు నీలమైంది, అంటే గట్టి క్షారం. ఆమ్లం లేని కడుపైనా ఇంత నీలం చూపదే! విసవిసా బయటికొచ్చాడు.

"పొద్దుగాల ఏం తిన్నవు దస్రూ?"

"ఏం తినలే సారూ. ఛాయ్ గూడ ముట్టలే."

పక్కనున్న భార్య గంగి అందుకుంది. "మంటకు సున్నపు తేట తాగిండు. రోజూ తాగుతడు. గది మందాయె, తిండి కాదు గద!"

"నీ సున్నం పాడుగాను! కడుపుల ఉన్న ఆమ్లమంత గదే మింగింది. రేపు ఉత్త కడుపుతోని రా."

మర్నాడు చుక్క పడగానే రసం ఎర్రబడింది. వీరమల్లు గాజుగొట్టం పట్టుకుని అలాగే బయటికి నడిచి, గంగి ముందు ఎత్తి చూపాడు.

"గిదేంది సారూ, నెత్తురా?"

"కాదవ్వా, సగం భయం పోయినట్టు. మిగిలింది డాక్టరు సాబును అడుగు."