బొగ్గు మింగిన వాసన

ఆ రోజుల్లో (అంటే మరీ పాత రోజులేం కావు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండేది, బుర్రలోనే అంత స్మార్ట్‌గా ఏమీ ఉండేది కాదు) నేను దువ్వాడ దగ్గర ఒక కాలేజీ ల్యాబులో బొగ్గు నూరేవాణ్ణి. దాన్నే పరిశోధన అనేవారు. కొబ్బరి చిప్పల్ని బొగ్గు చేసి, దానికి ఆవిరి పట్టించి, కంటికి ఆనని రంధ్రాలు కోకొల్లలుగా పడేలా చేసి, వాటి గోడలకి రాగి లవణం అంటించడం నా పని. ఉక్కు కొలిమి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని ఆ రాగి పట్టి ఆపుతుంది. రంగూ వాసనా లేని వాయువది, పీల్చినవాడికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. ఆ పొడిని అరచేతిలో పోసుకుని, చిటికెడు బొగ్గులో ఎన్ని గదులున్నాయో, వన్ టౌన్ ఇరుకు సందుల్లా ఒకదాంట్లోంచి ఇంకొకటి ఎలా తెరుచుకుంటోందో ఊహించుకుంటూ కిటికీ దగ్గర మధ్యాహ్నాలు కరగదీసేవాణ్ణి. మా అమ్మ మాత్రం ఊళ్ళో అడిగినవాళ్ళకి "మావోడు పెద్ద సదువు సదివి బొగ్గు నూరతన్నాడమ్మా" అని చెప్పేది. (అబద్ధమేం కాదు.)

నా ఉద్యోగం ఏడాదికే. ఈ పనికి డబ్బిచ్చే ఉక్కు కర్మాగారం ఇంజినీరు గారు ఒక సోమవారం వచ్చి, చూసి, తలూపితే ఇంకో రెండేళ్ళు. ఊపకపోతే పెట్టె సర్దుకుని ఊరికి. సరిగ్గా ఆ ముందు శుక్రవారమే మా ల్యాబ్ అసిస్టెంటు నా కోసం యారాడ తీరం నుంచి ఎండు నెత్తళ్ళు (వేలెడంత ఎండుచేపలు) పొట్లం కట్టి తెచ్చాడు. నన్నతను బావా అనేవాడు, అతన్ని నేనూ బావా అనేవాణ్ణి. చెల్లెల్ని ఎవరు ఎవరికిచ్చారో ఇద్దరికీ తెలీదు. మా గైడు మేడం శుద్ధ శాకాహారి. నిన్న ఉల్లిపాయ తిన్నవాణ్ణి ఇవాళ గుమ్మంలోనే పట్టేసే ముక్కు ఆవిడది.

"ఏటి సేద్దాం బావా? మేడం ఒచ్చీసరికి గుప్పుమంటాది," అన్నాడు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. బొగ్గు వాసనలు పీల్చేస్తుంది కదా! తడి తగలకుండా నా పొడిని దాచుకునే పెద్ద గాజు జాడీ చూపించి, "ఇందులో పెట్టీ" అన్నాను.

"నీ బుర్రే బుర్ర, బావా!"

సాయంత్రం ఆ పొట్లం తీసుకెళ్ళడం ఇద్దరం మరిచిపోయాం. సోమవారం పొద్దున్నే భయంభయంగా మూత తీస్తే వాసన అన్నది లేదు. సైన్సు మీద నాకు మళ్ళీ ప్రేమ పుట్టింది. వాసన ఎటు పోయిందన్న ప్రశ్న మాత్రం తట్టలేదు. (కెమిస్ట్రీలో నాది ఫస్ట్ క్లాసు.)

ఇంజినీరు గారు వచ్చారు. పొడిని గాజు గొట్టంలో నింపి, ముందు వేడి చేసి, లోపలి తేమని నైట్రోజన్‌తో తరిమాను. తేమతో పాటు మూడు రోజుల నెత్తళ్ళూ కదిలాయి. మెల్లగా, మర్యాదగా, పెళ్ళికి ఒక్కొక్కరే దిగుతున్న చుట్టాల్లా గది నిండా పరుచుకున్నాయి. ఇంజినీరు గారు అరమోడ్పు కన్నులతో, "ఏటండీ ఇది, మాయమ్మ వొంటింట్లో ఉన్నట్టుంది!" అన్నారు. మేడం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఇక గొట్టం చివర్ని బయటికి తీసుకెళ్ళే పైపుకి తగిలించి, అసలు వాయువు వదిలాను. మోనాక్సైడ్ జారిపోతే కూసే మీటరు, గంటసేపు నోరు మెదపకూడనిది, నిమిషానికే కుయ్‌కుయ్‌మంది. వేడికి సగం వాసనే బయటపడింది. మిగతా సగం రాగిని పట్టుకుని కూర్చుంది. మోనాక్సైడ్‌కి చోటేది?

"నిజం చెప్పు. దీని పక్కన ఏం పెట్టావు?" అన్నారు మేడం. గుమ్మంలోంచి బావే అన్నాడు: "నెత్తళ్ళు నావి మేడం. బుర్ర మాత్రం ఈడిది."

ఇంజినీరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "పట్టడం దీనికి బాగానే ఒచ్చు. ఏది పట్టాలో నువ్వు నేర్పాల. మూడు వారాల్లో మళ్ళీ ఒస్తాను. అప్పుడూ ఇంతే అయితే నాను చెప్పడానికేం ఉండదు, బాబూ."

"ఈ మూడు వారాలూ ఈ గదిలోకి అగరొత్తి కూడా రాకూడదు," అన్నారు మేడం. నేనైతే వాసన సబ్బు కూడా మానేశాను. కొత్త చిప్పలు, కొత్త బొగ్గు, కొత్త భయం.

రెండోసారి మీటరు పలకలేదు. పావుగంట, అరగంట, చూడ్డానికి ఏమీ లేదు. కిటికీలోంచి గాలి వస్తూ పోతూ ఉంది. ఇంజినీరు గారు కుర్చీలోనే కునుకు తీశారు. గంట దాటాక లేచి, "ఏటయ్యింది?" అన్నారు. "ఏమీ కాలేదండీ," అన్నాను. "మాకు కావాల్సింది అదే," అని తలూపారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

ఇప్పటికీ నాది అదే పని, ఏమీ జరగకుండా చూడటం. ఏమీ కానందుకు అంతలా ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూనే ఒక్కోసారి ఆగి చెవి ఒగ్గుతాను, మీటరు ఇంకా నిశ్శబ్దంగానే ఉందా అని.